2031 నాటికి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్ మిగులుతుంది, ఏ కోచ్ ఎక్కడుంటాడు?

స్టిల్‌వాటర్_శీను
ఎమ్మెస్ చేసింది ఓక్లహోమా స్టేట్‌లో, ఇప్పుడు ఉండేది డాలస్ పక్కన. సీజన్‌లో శనివారం వచ్చిందంటే నారింజ రంగు టీషర్టు తప్ప వేరేది వేసుకోను. అలాంటి నాకే ఈ ఆట మీద విసుగొస్తోంది.

ఓక్లహోమాతో మాకు ఏటా జరిగే మ్యాచ్, అదే బెడ్లమ్, వందేళ్లకు పైగా సాగింది. 2023 నవంబర్ 4న చివరిసారి ఆడారు. 27-24తో మేమే గెలిచాం, జనం మైదానంలోకి దూకేశారు. ఆ తర్వాత ఓక్లహోమా, టెక్సస్ రెండూ మా బిగ్ 12 కాన్ఫరెన్స్ (యూనివర్సిటీ జట్ల కూటమి) వదిలి ఎస్‌ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి వెళ్లిపోయాయి. మ్యాచ్ అక్కడితో సరి. రెండు ఊళ్ల మధ్య కారులో గంటన్నర దూరం. అంత దగ్గరివాళ్లతో ఆట లేదు గానీ, బిగ్ 12 మ్యాచ్‌ల కోసం వెస్ట్ వర్జీనియాకీ ఓర్లాండోకీ విమానమెక్కి వెళ్లాలి.

ఇక కోచ్ సంగతి. మైక్ గండీ 2005 నుంచి ఉన్నాడు, 170 మ్యాచ్‌లు గెలిపించాడు. 2025 సెప్టెంబర్‌లో టల్సా చేతిలో ఓడిన నాలుగు రోజులకే తీసేశారు. ఆ సీజన్ 1-11తో (ఒక గెలుపు, పదకొండు ఓటములు) ముగిసింది. ఇప్పుడు నార్త్ టెక్సస్ నుంచి ఎరిక్ మోరిస్ వచ్చాడు.

ఇక్కడ ఈ ఆట బాగా ఫాలో అయ్యేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. 2031కి ఏ కాన్ఫరెన్స్‌లు బతికుంటాయి? ఎవరు ఎటు పోతారు? ఏ కోచ్ నిలబడతాడు? ఊరికే పేర్లు చెప్పకండి, ఎందుకో కూడా చెప్పండి.

కొలంబస్_కిరణ్
రెండే. బిగ్ టెన్, ఎస్‌ఈసీ. మిగతావాళ్లు వీళ్లకి ఆటగాళ్లను తయారుచేసి పంపడానికి.

అట్లాంటా_అనిల్
+1. కాకపోతే ముందు ఎస్‌ఈసీ, తర్వాత బిగ్ టెన్ అని రాయి.

కొలంబస్_కిరణ్
@అట్లాంటా_అనిల్ గత మూడు టైటిళ్లు చూడు బ్రో. 2023 మిషిగన్, 2024 మేము (ఒహాయో స్టేట్), 2025 ఇండియానా. మూడూ బిగ్ టెన్‌వే. మా ఫైనల్ జరిగింది కూడా మీ అట్లాంటాలోనే, నోటర్ డామ్ మీద 34-23.

పుల్‌మన్_పాతకాపు
శీను గారూ, మీకు ఒక మ్యాచ్ పోయింది. మాకు కాన్ఫరెన్సే పోయింది.

నేను వాషింగ్టన్ స్టేట్‌లో చదివా. పుల్‌మన్ అంటే చుట్టూ గోధుమ చేలు, మధ్యలో గుట్ట మీద యూనివర్సిటీ. ఆట ఉన్న రోజు ఊళ్లో ఉండేవాళ్లకంటే వచ్చిపోయేవాళ్లే ఎక్కువ అనిపిస్తుంది. 1915 దాకా వేళ్లున్న ప్యాక్-12 కాన్ఫరెన్స్ ఏడాది పైచిలుకులో ఎలా కూలిందో దగ్గర్నుంచి చూసినవాణ్ణి. 2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కి పోతున్నామన్నాయి. 2023 జులైలో కొలరాడో బిగ్ 12కి వెళ్లింది. ఆగస్టు 4న ఒక్కరోజే ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఏసీసీకి. మ్యాపు తీసి చూడండి, అట్లాంటిక్ తీరం కాన్ఫరెన్స్‌లో పసిఫిక్ తీరం యూనివర్సిటీలు. చివరికి మేమూ ఒరెగాన్ స్టేట్ మిగిలాం.

ఇందులో ఆట బాగా ఆడామా లేదా అన్న లెక్కే లేదు. మా ఊరు చిన్నది, టీవీ మార్కెట్ చిన్నది, అంతే. 2031కి మీ ఓక్లహోమా స్టేట్‌కీ ఇదే గతి పట్టొచ్చు. భయపెట్టడానికి కాదు, సిద్ధంగా ఉండమని.

కొత్తగా_చూస్తున్నా
ఎమ్మెస్‌కి వచ్చి రెండో సెమిస్టర్. రూమ్మేట్లు అందరూ ఇదే గోల. అసలు కాన్ఫరెన్స్ మారితే ఏమవుతుంది? మన ఐపీఎల్‌లో జట్టు గ్రూప్ మారినట్టే కదా?

రాలీ_రాధిక
@కొత్తగా_చూస్తున్నా అంత చిన్నది కాదు తమ్ముడూ. ఇక్కడ టీవీ డబ్బు లీగ్ మొత్తానికి ఒక్కచోట రాదు, ఏ కాన్ఫరెన్స్ దాని బేరం అది ఆడుకుంటుంది. వచ్చింది సభ్యులకు పంచుతుంది. బిగ్ టెన్‌లో ఒక్కో యూనివర్సిటీకి ఏడాదికి 60 మిలియన్ డాలర్లు దాటి వస్తోంది. ఏసీసీలో అంతకంటే బాగా తక్కువ. అందుకే ఈ పరుగు.

శీను గారి ప్రశ్నకి నా జవాబు: జాతకాలు అక్కర్లేదు, ఒప్పందాల గడువులు చూస్తే చాలు. బిగ్ టెన్‌కి ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఉన్నది 2029-30తో అయిపోతుంది. బిగ్ 12ది 2030-31తో. ప్లేఆఫ్ హక్కులు ఈఎస్‌పీఎన్ దగ్గర 2031-32 దాకా. ఎస్‌ఈసీది 2033-34 దాకా. మా ఏసీసీది 2036 దాకా ఉంది, కానీ అక్కడే మెలిక.

ఏసీసీ సభ్యులంతా తమ సొంత మైదానంలో జరిగే మ్యాచ్‌ల ప్రసార హక్కులు 2036 వరకు కాన్ఫరెన్స్‌కి రాసిచ్చేశారు. వదిలిపోతే హక్కులు ఇక్కడే ఉండిపోతాయి, కొత్తచోట అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. దాని మీదే ఫ్లోరిడా స్టేట్ 2023 డిసెంబర్‌లో, క్లెమ్సన్ 2024 మార్చిలో కోర్టుకెక్కాయి. 2025 మార్చిలో రాజీ. ఆ రాజీ ప్రకారం బయటికి పోవాలంటే మొదట 165 మిలియన్లు కట్టాలి. ఏటా 18 మిలియన్లు తగ్గుతూ 2030-31కి 75 మిలియన్లకు వస్తుంది. అది కడితే హక్కులు వెంట తీసుకుపోవచ్చు.

సరిగ్గా బిగ్ టెన్, బిగ్ 12 కొత్త బేరాలకు కూర్చునే సమయానికే ఏసీసీ తలుపు చవగ్గా తెరుచుకుంటుంది. నా అంచనా, 2030 వేసవిలో కనీసం నలుగురు పోతారు. క్లెమ్సన్, ఫ్లోరిడా స్టేట్, నార్త్ కరోలినా, మయామి.

ఆడిటర్_మూర్తి
రాధిక గారి లెక్క సరిగ్గా ఉంది గానీ ఫ్లోరిడా స్టేట్‌ని ఎవరు తీసుకుంటారమ్మా? 2024లో 2-10, 2025లో 5-7.

రాలీ_రాధిక
మూర్తి గారూ, టీవీ వాళ్లు గెలుపులు కొనరు, చూసే జనాన్ని కొంటారు. 2-10 ఆడినా ఆ జట్టు మ్యాచ్ పెడితే చూస్తారు. రాజీలో డబ్బు పంపకాన్ని ప్రేక్షకుల సంఖ్యకు ముడిపెట్టమని వాళ్లు పట్టుబట్టింది అందుకే.

పైగా వాళ్ల కోపానికి కారణం ఉంది. 2023లో 13-0తో కాన్ఫరెన్స్ గెలిచి కూడా అప్పటి నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో చోటు రాలేదు. క్వార్టర్‌బ్యాక్‌కి (బంతి విసిరి జట్టు దాడిని నడిపేవాడికి) దెబ్బ తగిలిందని, ఒక ఓటమి ఉన్న అలబామాకి ఇచ్చారు. ఆ నెలలోనే కేసు వేశారు.

ఆస్టిన్_అప్పారావు
అందరూ మారడం వల్ల పోయినవే చెబుతున్నారు. వచ్చింది కూడా చెప్పాలి. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2011 తర్వాత ఆడుకోలేదు. మేం ఎస్‌ఈసీకి వెళ్లబట్టే 2024లో మళ్లీ మొదలైంది. కాలేజ్ స్టేషన్‌లో 17-7తో గెలిచాం. 2025లో మా దగ్గర 27-17. ఆఫీసులో నా పక్క సీటు ఆగీ, అంటే టెక్సస్ ఏ అండ్ ఎమ్ వాడు. వారం రోజులు మాట్లాడలేదు.

స్టిల్‌వాటర్_శీను
@ఆస్టిన్_అప్పారావు అన్నా, అది మీరు తెచ్చుకున్నది. మాది మీరు తీసుకుపోయింది.

ఆస్టిన్_అప్పారావు
మేం కాదు తమ్ముడూ, ఓక్లహోమాని అడుగు. కాన్ఫరెన్స్ బయట మ్యాచ్ పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు. జార్జియా, జార్జియా టెక్ ఆడుకోవడం లేదా? ఫ్లోరిడా, ఫ్లోరిడా స్టేట్? మనసుంటే తేదీ దొరుకుతుంది.

అట్లాంటా_అనిల్
ఇక దొరకడం కష్టమే అన్నా. 2026 నుంచి ఎస్‌ఈసీలో తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు. మిగిలేవి మూడు. అందులో రెండు సులువుగా గెలిచేవి కావాలంటాడు ప్రతి కోచ్.

సియాటిల్_సుధ
1926లో మొదలైన యూఎస్‌సీ, నోటర్ డామ్ మ్యాచ్ కూడా 2026లో లేదు. అంత పేరున్న వాళ్లకే కుదరలేదు.

పుల్‌మన్_పాతకాపు గారి బాధ నాకు తెలుసు, మాది వాషింగ్టనే కాబట్టి కాస్త తప్పు చేసిన భావం కూడా ఉంది. కానీ మా వైపు చూడండి. 2023 వేసవిలో ప్యాక్-12 చేతిలో ఉన్నది యాపిల్ కంపెనీ ఇచ్చిన ఒక్క ప్రసార ఆఫర్. చందాదారులు పెరిగితే డబ్బు, లేకపోతే లేదు. దాన్ని నమ్ముకుని జట్టును నడపమంటే ఎలా? బిగ్ టెన్‌కి వెళ్తూ మేమూ ఒరెగానూ పూర్తి వాటా కూడా తీసుకోలేదు. ఆ మాత్రమైనా మేలని వెళ్లాం.

పుల్‌మన్_పాతకాపు
సుధ గారూ, మీ మీద కోపం లేదు. యాపిల్ కప్ (మీకూ మాకూ మధ్య ఏటా జరిగే మ్యాచ్) ఇంకా ఆడుతున్నారు, అది చాలు. నిర్ణయం తీసుకున్నది అభిమానులు కాదు కదా.

టెన్నిస్_అమ్మ
ఫుట్‌బాల్ పెద్దగా తెలియదు. మా అమ్మాయి పడమటి తీరంలో ఒక యూనివర్సిటీకి టెన్నిస్ ఆడుతుంది, పేరు వద్దులెండి. వాళ్ల కాన్ఫరెన్స్ మారాక ఇంట్లో ఏం జరుగుతోందో చెబుతా.

గురువారం మధ్యాహ్నం క్లాసు మధ్యలో లేచి బయల్దేరుతుంది. రెండు విమానాలు మారి తూర్పు తీరానికి చేరేసరికి అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. శుక్రవారం మ్యాచ్, ఆదివారం ఇంకో ఊళ్లో మ్యాచ్. ఒకసారి కెమిస్ట్రీ మిడ్‌టర్మ్ హోటల్ గదిలో రాసింది. అసిస్టెంట్ కోచ్ ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా. ఇస్త్రీ బల్ల మీద పేపరు పెట్టుకుని రాసిందట, గదిలో ఉన్న టేబుల్ నిండా రాకెట్ల బ్యాగులు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి ల్యాబ్. ఫోన్ చేస్తే "అమ్మా, ఇప్పుడు ఏ టైమ్ జోన్‌లో ఉన్నానో చెప్పు" అంటుంది.

ఈ మార్పులన్నీ ఫుట్‌బాల్ కోసం. వాళ్లు ఏడాదికి ఆడేది పన్నెండు మ్యాచ్‌లు, చార్టర్ విమానాల్లో. మా పిల్లలు అంతకు రెట్టింపు ఆడతారు, మామూలు టికెట్ల మీద. మీ అంచనాల్లో వీళ్లను కూడా కాస్త లెక్కలోకి తీసుకోండి.

రాలీ_రాధిక
@టెన్నిస్_అమ్మ అందుకే నా ఇంకో అంచనా: 2031 తర్వాత ఫుట్‌బాల్ ఒక్కటి వేరే సంస్థగా విడిపోతుంది. మిగతా ఆటలు మళ్లీ దగ్గరూళ్ల కాన్ఫరెన్స్‌లకు వస్తాయి. టెన్నిస్ ఆడే పిల్ల ఖండం దాటి వెళ్లడం వల్ల ఒక్క డాలరూ రాదు, ఖర్చే. అది గ్రహించడానికి ఇంకెన్నాళ్లో పట్టదు.

ఆడిటర్_మూర్తి
గ్రహిస్తారు, కానీ విడదీయరు, మూసేస్తారు. 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ హౌస్ కేసు రాజీని ఆమోదించాక ప్రతి యూనివర్సిటీ తన ఆటగాళ్లకు నేరుగా ఏడాదికి 20.5 మిలియన్ డాలర్ల దాకా పంచవచ్చు. అందులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కే. ఆ డబ్బు ఎక్కడో ఒకచోట కోయాలి. ఈత, టెన్నిస్, జిమ్నాస్టిక్స్ ముందు వరసలో ఉన్నాయి. తల్లిదండ్రులు స్కాలర్‌షిప్ కాగితం చదివేటప్పుడు, టీమ్ రద్దయితే చదువు ఖర్చు కొనసాగుతుందా అని రాతపూర్వకంగా అడగండి.

టెన్నిస్_అమ్మ
ఇది ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్ మూర్తి గారూ, ఈ వారమే అడుగుతాం.

క్లెమ్సన్_క్రాంతి
కాన్ఫరెన్స్‌లు చాలు, కోచ్‌ల దగ్గరికి రండి.

మా కోచ్ డాబో స్వినీ 2031లో ఉండడు. 2016, 2018 సీజన్లలో రెండు టైటిళ్లు తెచ్చాడు, ఆ ఊళ్లో చదివినవాడిగా ఆ రాత్రులు మర్చిపోలేను. కానీ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్లు వేరే యూనివర్సిటీకి మారడానికి పేరిచ్చే చోటు) వచ్చాక అందరూ బయటి ఆటగాళ్లను తెచ్చుకుంటుంటే ఈయన మాత్రం హైస్కూల్ నుంచి తెచ్చి పెంచుతానన్నాడు. మనిషిగా నాకు అది నచ్చుతుంది. ఫలితం మాత్రం, 2025లో దేశంలో నాలుగో ర్యాంకుతో మొదలుపెట్టి 7-6తో ముగించాం. తీసేయరు, తనే గౌరవంగా తప్పుకుంటాడు అని నా అంచనా.

హూజియర్_హరి
అందరూ బిగ్ టెన్, ఎస్‌ఈసీ పెద్దజట్ల గురించే చెబుతున్నారు. ఇండియానా ఎవరి లెక్కలో ఉంది? 2023లో 3-9. ఫుట్‌బాల్ చరిత్రలో ఎక్కువ ఓటములు మూటగట్టుకున్న జట్లలో మాది ఒకటి. బ్లూమింగ్టన్‌లో నేను చదివినప్పుడు మొదటి సగం అయ్యాక స్టేడియంలో సగం ఖాళీ, జనం కారు పార్కింగ్‌లో గ్రిల్ దగ్గరే ఉండేవాళ్లు.

కోచ్‌గా కర్ట్ సిగ్నెటీ వచ్చాడు. ఎందుకు నమ్మాలి అని అడిగితే "నేను గెలుస్తాను, గూగుల్ చేసుకోండి" అన్నాడు. 2024లో 11-2. 2025లో 16-0, జాతీయ టైటిల్. రోజ్ బౌల్ ప్లేఆఫ్ మ్యాచ్‌లో అలబామా మీద 38-3. ఫైనల్లో మయామిని వాళ్ల సొంత స్టేడియంలోనే 27-21. క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా కాల్ నుంచి వచ్చాడు, హైస్‌మన్ (ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డు) గెలిచాడు.

ఎలా గెలిచాడంటే, పేరున్న కుర్రాళ్లను కాకుండా రెండు మూడేళ్లు నిలకడగా ఆడినవాళ్లను ఏరుకున్నాడు. అంతకు ముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్‌లో తన దగ్గర ఆడినవాళ్లను వెంట తెచ్చాడు. అలబామా పాత కోచ్ నిక్ సేబన్ దగ్గర నేర్చుకున్న పద్ధతి అది, ఎవరు ఎంత ఎత్తు ఎగురుతాడని కాదు, ప్రతి బంతికీ చేయాల్సిన పని చేస్తాడా అని చూడటం. కాబట్టి పెద్ద కాన్ఫరెన్స్‌లో అడుగునున్న జట్టు కూడా సరైన కోచ్ దొరికితే పైకొస్తుంది. రాబోయే ఐదేళ్లలో ఇలాంటివి ఇంకో రెండు చూస్తాం.

పుల్‌మన్_పాతకాపు
హరి గారూ, మీ ఆనందం నిజంగా నాకూ ఆనందమే. కానీ మీరు అడుగున ఉన్నా బిగ్ టెన్‌లో ఉన్నారు. ఆ టీవీ వాటా వస్తూనే ఉంది. పెన్ స్టేట్‌లో కోచ్ పదవి ఖాళీ అయిన వారంలోపే సిగ్నెటీకి ఏడాదికి 11 మిలియన్లు దాటిన కొత్త ఒప్పందం ఇవ్వగలిగారు. మాకు అలాంటి కోచ్ దొరికినా నిలుపుకోలేం.

ఎందుకంటే చూడండి. 2025 అక్టోబర్‌లో పెన్ స్టేట్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తీసేసింది. ఆ చోటికి డిసెంబర్‌లో ఐయోవా స్టేట్ నుంచి మాట్ క్యాంప్‌బెల్ వెళ్లాడు. ఐయోవా స్టేట్ వాళ్లు మా జిమ్మీ రోజర్స్‌ను తీసుకుపోయారు. మా దగ్గరికొచ్చి ఒక్క సీజన్. అంతకు ముందు ఏడాది జేక్ డికర్ట్ వేక్ ఫారెస్ట్‌కి పోయాడు. రెండు శీతాకాలాల్లో ఇద్దరు. ఎక్కడో పెన్సిల్వేనియాలో ఒకాయన నార్త్‌వెస్టర్న్ చేతిలో ఓడితే, పుల్‌మన్‌లో పిల్లలు బట్టలు సర్దుకోవాల్సి వచ్చింది. కోచ్ పోతే అతన్ని నమ్మి వచ్చినవాళ్లు పోర్టల్‌లోకి వెళ్తారు కదా.

కొత్తగా_చూస్తున్నా
ఇది చదివాక గానీ మా రూమ్మేట్ డిసెంబర్‌లో రోజూ ఫోన్ రిఫ్రెష్ చేస్తూ ఎందుకు కూర్చున్నాడో అర్థం కాలేదు.

ఆడిటర్_మూర్తి
తీసేయడానికి ఎంత కట్టారో కూడా చెప్పుకోవాలి. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ జింబో ఫిషర్‌ను పంపించడానికి 75 మిలియన్లకు పైగా బాకీ పడింది. 2025లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) బ్రయాన్ కెల్లీకి సుమారు 54 మిలియన్లు. ఆ ఇద్దర్నీ ఆ చోట్లకు తెచ్చిన అథ్లెటిక్ డైరెక్టర్ ఒక్కరే, స్కాట్ వుడ్‌వర్డ్. కెల్లీ వెనకే ఆయనా పోయాడు.

అట్లాంటా_అనిల్
మూర్తి గారూ, ఒక్క సవరణ. ఫిషర్ బాకీ అంత పెరగడానికి కారణం 2021లో ఇచ్చిన పొడిగింపు. అప్పటికి వుడ్‌వర్డ్ ఎల్‌ఎస్‌యూకి వెళ్లిపోయాడు. అది వేరేవాళ్లు ఇచ్చింది.

ఆడిటర్_మూర్తి
నిజమే, పొడిగింపు ఆయన ఖాతాలో వేయకూడదు. నా మాట మాత్రం అదే: ఆటగాళ్లకు ఇవ్వాల్సిన 20.5 మిలియన్లు వచ్చాక ఇలాంటి బైఅవుట్లు (మధ్యలో తీసేసినందుకు కట్టే డబ్బు) మోయలేరు. 2031కి కోచ్‌ల ఒప్పందాలు చిన్నవవుతాయి. ఇంకోచోట ఉద్యోగం దొరికితే ఆ జీతం బాకీలోంచి తగ్గించే షరతు మామూలవుతుంది. ఫ్రాంక్లిన్ వర్జీనియా టెక్‌కి వెళ్లాక పెన్ స్టేట్ బాకీ 49 మిలియన్ల నుంచి 9కి దిగింది.

ఆస్టిన్_అప్పారావు
చిన్నవవుతాయా? కొత్త కోచ్ లేన్ కిఫిన్‌కి ఎల్‌ఎస్‌యూ ఏడేళ్లకు 91 మిలియన్లు రాసిచ్చింది, కెల్లీని పంపిన ఐదు వారాలకే. ఎవరూ పాఠం నేర్చుకోవడం లేదు మూర్తి గారూ.

సియాటిల్_సుధ
కిఫిన్ సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తన జట్టు ఓలే మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) 11-1తో ప్లేఆఫ్‌కి సిద్ధంగా ఉంటే వదిలి ప్రత్యర్థి దగ్గరికి పోయాడు. మాకూ అదే అనుభవం. 2023లో కేలన్ డీబోర్ మమ్మల్ని ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, ఓడిన నాలుగైదు రోజులకే సేబన్ రిటైరైన అలబామాకి వెళ్లిపోయాడు. ఫైనల్ అయ్యేదాకా ఆగాడన్న మర్యాద మాత్రం ఆయనకు ఇస్తా.

అట్లాంటా_అనిల్
ఓలే మిస్ కుర్రాళ్లకు మాత్రం నేను టోపీ తీస్తా. కొత్తగా పగ్గాలు పట్టిన పీట్ గోల్డింగ్‌తో షుగర్ బౌల్ ప్లేఆఫ్ మ్యాచ్‌లో మా జార్జియానే 39-34తో కొట్టారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

కిఫిన్‌ని ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. క్యాలెండర్ అలా ఉంది. డిసెంబర్ మొదట్లో హైస్కూల్ పిల్లల సంతకాలు, జనవరిలో పోర్టల్, మధ్యలో ప్లేఆఫ్. కొత్త జట్టు నవంబర్ ఆఖరుకే కోచ్ కావాలంటుంది. పాత జట్టు జనవరి దాకా ఉండమంటుంది. ఒక మనిషి రెండు చోట్ల ఉండలేడు. సంతకాల తేదీని ఫిబ్రవరికి జరిపితే సగం గొడవ తీరుతుంది. 2031 లోపు జరుపుతారనే నా అంచనా.

కొలంబస్_కిరణ్
సరే, పేర్లు పెట్టి చెబుతున్నా. కర్బీ స్మార్ట్ జార్జియాలోనే. రయన్ డే మాతోనే, 2024లో మిషిగన్ చేతిలో 13-10తో ఓడినప్పుడు ఊరంతా పొమ్మంది, ఏడు వారాల్లో టైటిల్ తెచ్చాడు. డీబోర్ అలబామాలో ఉండడు. బెలిచిక్ నార్త్ కరోలినాలో అసలే ఉండడు.

రాలీ_రాధిక
బెలిచిక్ గురించి మా ఊళ్లో మాట్లాడకండి. మొదటి మ్యాచ్‌కి వెళ్లాం. లేబర్ డే రాత్రి, మైకేల్ జోర్డాన్ కూడా వచ్చాడు. మొదటి టచ్‌డౌన్ మాదే. తర్వాత టీసీయూ 48-14. మూడో క్వార్టర్‌కే జనం మెట్లు దిగిపోతుంటే మా వరసలో మేం, ఒక ముసలాయన మిగిలాం. ఆయన రేడియో చెవిలో పెట్టుకుని ప్రతి ఆటా రాసుకుంటున్నాడు, స్కోరు ఎంతైనా. సీజన్ 4-8. ప్రొఫెషనల్ లీగ్‌లో కోచ్‌గా ఆరు సూపర్ బౌల్‌లు గెలిచిన మనిషి పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను ఒప్పించి తెచ్చుకోవడం వేరే పని.

క్లెమ్సన్_క్రాంతి
అందుకే ఆ పని వేరే మనిషికి పోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో ఆండ్రూ లక్ జనరల్ మేనేజర్. ఎవర్ని తేవాలి, ఎంత ఇవ్వాలి ఆయన చూస్తాడు, కోచ్ ఆట చూస్తాడు. 2031కి అన్నిచోట్లా ఇదే ఉంటుంది. అప్పుడు కోచ్ పోయినా జట్టు చెదరదు.

పుల్‌మన్_పాతకాపు
@క్లెమ్సన్_క్రాంతి ఇది మాత్రం మాలాంటి చిన్నజట్లకు ఆశ. కోచ్‌ని కొనుక్కుపోతారు, మంచి మేనేజర్‌ని పట్టుకుంటే వచ్చేవాడికి జట్టు సిద్ధంగా ఉంటుంది.

2026లో కొత్త ప్యాక్-12 మొదలవుతోంది. మాతో ఒరెగాన్ స్టేట్, బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్. ఒక్క టెక్సస్ తప్ప అన్నీ పడమటివే. నేను సీజన్ టికెట్లు తీసుకున్నా.

హూజియర్_హరి
పెద్దజట్లు విడిగా పెట్టుకునే సూపర్ లీగ్ గురించి ఎవరూ తేల్చలేదు. బిగ్ టెన్‌కి 2.4 బిలియన్ డాలర్ల పెట్టుబడి ప్రతిపాదన వచ్చింది కదా, సభ్యులు హక్కులు 2036కి బదులు 2046 దాకా కాన్ఫరెన్స్‌కి రాసివ్వాలని. మిషిగన్, యూఎస్‌సీ ఒప్పుకోలేదు. అంటే బిగ్ టెన్‌లోనే పెద్దవాళ్లు 2036 తర్వాత తమ దారి తాము చూసుకోవాలనుకుంటున్నట్టే.

ఆడిటర్_మూర్తి
ఇదే అసలు పాయింట్ హరీ. ప్రైవేటు డబ్బు వస్తే అది తిరిగి రావాలి. యూటా ఇప్పటికే ఓట్రో క్యాపిటల్‌తో కలిసి కంపెనీ పెడుతోంది. పెట్టుబడిదారుడికి పర్డూ, రట్గర్స్ ఎందుకు? 2036 తర్వాత ఒహాయో స్టేట్, మిషిగన్, అలబామా, జార్జియా, టెక్సస్ లాంటి ముప్పై దాకా జట్లు విడిగా కూర్చుంటాయి. ఆ రోజు కిరణ్ చెప్పిన ఆ రెండు కాన్ఫరెన్స్‌లూ ఉండవు.

కొలంబస్_కిరణ్
మూర్తి గారూ, ఒప్పుకోను. ఆ ముప్పై మందిలో పదిమంది ఏటా ఓడాలి కదా. ఇప్పుడు మాకు 11-1 వస్తుంది, అప్పుడు 6-6. ఏ యూనివర్సిటీ ప్రెసిడెంట్ అది కోరుకుంటాడు? అడుగున ఓడేవాళ్లు కావాలి, అందుకే పర్డూ ఉంటుంది.

హూజియర్_హరి
పర్డూ ఓడటానికే ఉండాలన్న విషయంలో ఇండియానా మొత్తం కిరణ్‌తో ఏకీభవిస్తుంది.

స్టిల్‌వాటర్_శీను
అందరికీ థాంక్స్. రాధిక గారి తేదీలన్నీ రాసుకున్నా. నాకు అర్థమైంది ఇది: బిగ్ 12 బతకాలంటే 2030-31 లోపు ఏసీసీలో మిగిలేవాళ్లను తెచ్చుకోవాలి. మా బిగ్ 12 కమిషనర్ బ్రెట్ యార్మార్క్ ఒకసారి నాలుగు మూలల స్కూళ్లను (అరిజోనా, అరిజోనా స్టేట్, కొలరాడో, యూటా) లాగాడు, మళ్లీ లాగగలడు. లూయీవిల్, పిట్స్‌బర్గ్, ఎన్‌సీ స్టేట్ వస్తే నిలబడతాం.

ఇక అప్పారావు అన్నా, మీరన్నట్టు తేదీ దొరకొచ్చు. ప్లేఆఫ్ 16కో 24కో పెరిగితే ఒక ఓటమికి భయం తగ్గుతుంది, అప్పుడు ఓక్లహోమా మాతో ఆడటానికి సాకులుండవు.

ఆస్టిన్_అప్పారావు
2026లో ఇంకా 12 జట్లే. బిగ్ టెన్ 24 అంటుంది, ఎస్‌ఈసీ 16 అంటుంది. ఇద్దరూ తేల్చుకునేదాకా ఆగాలి. మీ మోరిస్ మొదటి ఏడాది ఎన్ని గెలుస్తాడంటావ్?

స్టిల్‌వాటర్_శీను
ఐదు. నార్త్ టెక్సస్‌లో 2025లో దుమ్ము లేపాడు, క్వార్టర్‌బ్యాక్ డ్రూ మెస్టెమేకర్‌ని కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆరో గెలుపు వస్తే సీజన్ చివర్లో జరిగే బౌల్ గేమ్‌కి టికెట్లు నావి, భోజనాలు మీవి.

ఆస్టిన్_అప్పారావు
ఒప్పుకున్నా. గోంగూర మటన్.